గేర్ వైర్‌తో గుచ్చిన ముత్యాల దండ ప్రతిసారీ కొక్కెం దగ్గరే ఎందుకు ఊడిపోతోంది?

దండ మధ్యలో తెగకుండా ప్రతిసారీ కొక్కెం పక్కనే ఊడుతోందంటే, ఖరీదైన గేర్ వైరు (నైలాన్ పూత ఉన్న సన్నటి ఉక్కు తీగ) కొన్నా లాభం ఉండదండి. అనుమానించాల్సింది గేర్ లాక్‌ని (వైరు కొసను పట్టి ఉంచడానికి నొక్కే చిన్న లోహపు గొట్టం), జంప్ రింగ్‌ని (దండని కొక్కేనికి కలిపే చిన్న తీగ రింగు).

0.38 మి.మీ. వైరుకి 2 మి.మీ. లాక్ సరిపోతుంది. అంతకంటే పెద్దదైతే ఎంత నొక్కినా వైరు లోపల జారుతూనే ఉంటుంది. వైరు కొసను లాక్‌లోంచి తీసి, రింగు చుట్టూ తిప్పి, మళ్లీ అదే లాక్‌లోకి దూర్చాక ఒక్క క్షణం ఆగి చూడండి. లోపల రెండు వరుసలూ పక్కపక్కనే ఉండాలి. ఒకదాని మీద ఒకటి ఎక్కి ఉండగా నొక్కితే లాక్ అంచు వైరును కొరికేస్తుంది. చదును మూతి పటకారుతో ఒక్కసారి గట్టిగా నొక్కితే చాలు. మళ్లీ మళ్లీ నొక్కితే పలచటి లోహం చిట్లుతుంది. మిగిలిన కొసను లాక్ పక్కనే కత్తిరించకుండా రెండు మూడు పూసల్లోకి పంపి, అప్పుడు కత్తిరించాలి. 16 అంగుళాల దండకి 22 అంగుళాల వైరు కోసుకోమనేది ఇందుకే. లాక్ మీద గమ్ చుక్క వేసే అలవాటుంటే మానేయండి, నొక్కుడు సరిగ్గా లేకపోతే గమ్ ఆపలేదు, పైగా ముత్యం మీద తెల్లటి మచ్చ మిగులుతుంది.

పూసల మధ్య సందు కనపడకూడదని వైరును బిర్రుగా లాగడం ఇంకో పొరపాటు. బల్ల మీద చక్కగానే ఉంటుంది, మెడ మీద వంపు తిరగ్గానే ఆ బిగువంతా లాక్ మీద పడుతుంది. రెండు మి.మీ. వదులు ఉంచండి. దండను అరచేతిలో గుండ్రంగా చుట్టినప్పుడు పూసలు కర్రలా బిగుసుకోకూడదు.

ఇక జంప్ రింగ్. రెండు పటకార్లతో పట్టుకుని ఒక కొసను మీవైపు, రెండోదాన్ని అవతలికి తిప్పి తెరవాలి. పక్కలకి సాగదీస్తే గుండ్రం పోయి, ఎంత మూసినా సన్నటి సందు మిగులుతుంది. వైరు జారిపోయేది అందులోంచే. మూసేటప్పుడు కొసల్ని కాస్త దాటించి వెనక్కి తీసుకురండి, గోటితో గీస్తే అతుకు తగలకూడదు. కొనేటప్పుడు 5 మి.మీ. అని మాత్రమే అడిగితే షాపులో పలచటివే చేతిలో పెడతారు. గేజ్ (తీగ మందం నంబరు, అది తగ్గేకొద్దీ తీగ మందం) కూడా చెప్పండి. లోలాకులకి 22 సరిపోతుంది, దండకి 20, అంటే 0.8 మి.మీ. మందం ఉండాలి. లాకెట్ బరువుగా ఉంటే 18 తీసుకోండి, లేదా అతుకును టంకంతో మూసేసిన రింగు ఇంకా మంచిది. కొక్కెంకి వైరు రాసుకునే చోట వైర్ గార్డ్ (వైరు మెలికను కాపాడే చిన్న లోహపు తొడుగు) తొడిగితే పైన నైలాన్ పూత లేచిపోదు.

ఊడిన దండలో నొక్కిన లాక్‌ని మళ్లీ వాడొద్దు. వైరు అక్కడ మడత పడి ఉంటే ఆ ముక్కను కత్తిరించేయండి. మిగిలిన కొస మూడు అంగుళాల కంటే తక్కువైతే దండంతా కొత్త వైరుకి ఎక్కించుకోవాల్సిందే.