నాలుగింటి నుంచి ఏడున్నర దాకా

చిరంజీవికి ఆశీస్సులు.

తిరుపతిలో కొండ కింద మీ కాలనీలో ఇద్దరు పదో తరగతి పిల్లలు బ్లేళ్లతో ఒకరినొకరు కోసుకున్నారనీ, అక్కడే పిల్లల కోసం ఒక సాయంకాల కేంద్రం తెరవాలని అనుకుంటున్నాననీ నువ్వు రాసిన ఉత్తరం అందింది. చిత్తూరులో పదకొండేళ్లు అలాంటి కేంద్రం నడిపినవాణ్ణి కాబట్టి, నా అనుభవంలో నిలిచిన సంగతులు రాస్తున్నాను.

ముందుగా వేళ గురించి ఆలోచించు. నాలుగింటికి బడి వదులుతారు. లాడ్జీల్లో, హోటళ్లలో, కట్టుబడి పనుల్లో ఉన్న తల్లులు ఇల్లు చేరేసరికి ఏడున్నర దాటుతుంది. ఈ మధ్య వేళలో పిల్లవాడు ఎవరి కళ్ల ముందు ఉన్నాడన్నదే నీ పని మొత్తానికి పునాది. అమెరికాలో కూడా, బడి ఉన్న రోజుల్లో పిల్లల కొట్లాటలు, దాడులు బడి వదిలిన వెంటనే వచ్చే గంటల్లోనే ఎక్కువని పోలీసు లెక్కలు చాలాకాలంగా చెబుతున్నాయి. కాబట్టి పండగైనా, వానైనా, నీకు ఒంట్లో బాగా లేకపోయినా, నాలుగింటికి ఆ తలుపు తెరిచి ఉండాలి. ఆ తలుపు దగ్గర తెలిసిన మొహమే కనిపించాలి. వారానికి మూడు రోజులు గొప్పగా నడిపేకంటే, ఆరు రోజులు సాదాగా నడపడమే మేలని నేను గట్టిగా నమ్ముతాను.

రాగానే తినడానికి పెట్టు. మధ్యాహ్నం బడిలో తిన్న అన్నం అప్పటికే అరిగిపోయి ఉంటుంది, ఆకలి మీద ఉన్నవాడికి చిన్న మాట కూడా పెద్దగా తగులుతుంది. గుగ్గిళ్లు గానీ, ఉల్లిపాయ కలిపిన బొరుగులు గానీ చాలు.

స్థలం ఎంచుకునేటప్పుడు తొందరపడవద్దు. మేము మొదటి ఏడాది ఒక వీధి గుడి మండపంలో మొదలుపెట్టాము. కాలువకు అవతలి పిల్లలు ఒక్కరోజు కూడా రాలేదు. వాళ్లకు ఆ మండపం ఎదుటి జట్టు జాగా అని మాకు తెలిసేసరికి ఎనిమిది నెలలు గడిచిపోయాయి. తర్వాత హెడ్మాస్టరు రాతపూర్వక అనుమతితో హైస్కూలు వరండాకు మారితే, రెండు వైపుల పిల్లలూ వచ్చారు. నువ్వు కూడా ఏ వీధి పెద్దకూ, ఏ పార్టీకీ చెందని చోటు చూసుకో.

తల్లిదండ్రులు దీన్ని ట్యూషన్ చేయమని అడుగుతారు. హోంవర్కుకు నలభై నిమిషాలు ఇచ్చి, మిగిలిన వేళ కబడ్డీకి, క్యారమ్‌కు, మాటలకు ఉంచు. చదువులో వెనకబడ్డవాడు పొద్దంతా తరగతిలో పడ్డ అవమానమే సాయంత్రం కూడా పడవలసి వస్తే, రెండో రోజు నుంచి రాడు. మనకు అవసరమైనవాడేమో వాడే.

షికాగోలో బడి కుర్రాళ్ల కోసం నడిచే ‘బికమింగ్ ఎ మ్యాన్’ అనే కార్యక్రమంలో ఒక ఆట ఉంది. పిల్లలను జంటలుగా కూర్చోబెట్టి, ఒకడి గుప్పిట్లో బంతి పెట్టి, ముప్పై సెకన్లలో దాన్ని తీసుకొమ్మని రెండోవాడికి చెబుతారు. నేను గోళీతో ఆడించాను. వేళ్లు విరిచారు, మణికట్టు మెలిపెట్టారు, ఒకడు కొరికాడు కూడా. అంతా అయ్యాక, “ఇమ్మని అడిగినవాడు ఎవరైనా ఉన్నారా?” అన్నాను. వరండా అంతా నిశ్శబ్దమైపోయింది. కాసేపటికి ఒకడు, “అడిగితే ఇచ్చేసేవాణ్ణి సార్” అన్నాడు, గుప్పిలి ఇంకా విప్పకుండానే. ఆ షికాగో కార్యక్రమంలో ఉన్న కాలంలో పిల్లల హింసా నేరాల అరెస్టులు 45 నుంచి 50 శాతం తగ్గినట్లు పరిశోధకులు లెక్కగట్టారు. వాళ్లు ఉపన్యాసాలు చెప్పలేదు. చేయి లేచే ముందు ఒక్క క్షణం ఆగడాన్ని పిల్లల చేత మళ్లీ మళ్లీ సాధన చేయించారు.

మీ ఊళ్లో దీనికి గంగమ్మ జాతర ఉంది. బండ వేషం కట్టినవాడు ఎవరిని ఎంత తిట్టినా ఎవరూ తప్పుపట్టరు, ఆ తిట్టు ఆ రోజుతోనే పోతుంది. ఈ ఆచారం తిరుపతి పిల్లలకు ఊహ తెలిసినప్పటి నుంచీ తెలుసు. కోపానికి గడువు పెట్టుకోవడం గురించి అక్కడి నుంచి మాట మొదలుపెట్టు, వాళ్లే పూర్తిచేస్తారు. జాతర వేషాలు కూడా కేంద్రంలోనే కట్టించు. తాగినవాళ్ల గుంపుల్లో కలవకుండా ఆ వారమంతా నీ దగ్గరే ఉంటారు.

ఇప్పుడు నేను చేసిన తప్పు చెబుతాను. ఒకడి సంచిలో కత్తి దొరికితే, అందరి ఎదుట వాడి పేరు రిజిస్టరులో కొట్టేసి బయటికి పంపాను. మూడు నెలలకు వాడు ఎర్రచందనం దుంగలు మోసేవాళ్లతో అడవికి వెళ్లి కేసులో ఇరుక్కున్నాడు. 2015 ఏప్రిల్‌లో శేషాచలం అడవిలో పోలీసు కాల్పుల్లో 20 మంది తమిళ కూలీలు చనిపోయారన్న వార్త చదివిన రోజు, నాకు ఆ పిల్లవాడి మొహమే కళ్ల ముందు కదిలింది. దుంగల కోసం కూలీలను పోగుచేసే దళారీ ఎప్పుడూ, మనం వెళ్లగొట్టినవాడి కోసమే బయట కాచుకొని ఉంటాడు. కత్తి తీసుకో, ఇంట్లో పెద్దలకు చెప్పు, ఆ సాయంత్రానికి ఇంటికి పంపు. కానీ మరునాడు నువ్వే వాళ్ల గడప దాకా వెళ్లి పిలుచుకొని రా.

పోలీసులతో పరిచయం ఉంచుకో గానీ, పిల్లల కబుర్లు మోసేవాడివని పేరు తెచ్చుకోవద్దు. ప్రాణాపాయం, లైంగిక వేధింపు సంగతులు మాత్రం దాచనని పిల్లలకు మొదటి రోజే చెప్పు. వేధింపు తెలిస్తే ఫిర్యాదు చేయడం 2012 పోక్సో చట్టం ప్రకారం తప్పనిసరి. పిల్లల సహాయానికి ఉన్న 1098 ఫోన్ నంబరు గోడ మీద పెద్దగా రాయించు. ఏ పెద్దమనిషీ ఒక పిల్లతో గానీ, పిల్లవాడితో గానీ ఒంటరిగా ఉండకూడదు, ఆ నియమం నీకూ వర్తించాలి. ఆడపిల్లలు రావాలంటే రోజూ ఉండే ఒక అమ్మ కావాలి, చీకటి పడకముందే వాళ్లను ఇళ్లకు చేర్చాలి. తక్కినవాళ్లు ఇళ్లకు కదిలే చివరి పది నిమిషాలే గొడవలకు ఎక్కువ అవకాశం ఉన్న వేళ కనుక, వీధివారీగా, పెద్దలను తోడిచ్చి పంపు.

వచ్చే నెల మొదటి ఆదివారం నేను తిరుపతి వస్తున్నాను. నువ్వు చూసిన చోటు చూపించు, కాలువ ఏ పక్కన ఉందో కూడా చూద్దాము. మా కేంద్రంలోని క్యారమ్ బోర్డు ఇంకా బాగానే ఉంది, తెస్తాను. స్ట్రైకరు మాత్రం నువ్వు కొనాలి.

ఇట్లు,
నీ మేలు కోరే
మాస్టారు