గరగర మధ్య పాత వయొలిన్ రికార్డులు: ఎక్కణ్ణుంచి వినాలి?

రొమాంటిక్ కాలపు (ముఖ్యంగా 19వ శతాబ్దపు) పాశ్చాత్య వయొలిన్ సంగీతాన్ని 78 ఆర్‌పీఎమ్ రికార్డుల్లో, అంటే నిమిషానికి 78 సార్లు తిరిగే పాత గ్రామఫోన్ రికార్డుల్లో వినాలంటే ఏవి ముందు వినాలి, ఆ గరగరను ఎలా భరించాలి అని కదా మీరు అడిగింది.

అన్నిటికన్నా పాతవాటి జోలికి అప్పుడే వెళ్లకండి. 1879 జనవరి 1న లైప్‌జిగ్‌లో స్వరకర్త బ్రామ్స్ వయొలిన్ కాన్చెర్టోను (ఆర్కెస్ట్రాతో కలిసి వయొలిన్ వాయించే రచన) తొలిసారి వాయించిన వయొలినిస్టు యోవాఖిమ్ రికార్డులు ఉన్నాయి, నిజమే. కానీ అవి 1903 నాటివి. అప్పటికి ఆయనకు డెబ్బై దాటాయి. అవన్నీ చిన్న చిన్న ముక్కలు, కాన్చెర్టో వాటిలో లేదు.

1925లో మైకులతో రికార్డు చేయడం మొదలైంది. ఆ తర్వాతివి వినండి. నా ఓటు 1928లో వయొలినిస్టు క్రైస్లర్, పియానిస్టు రఖ్మానినోవ్ బెర్లిన్‌లో చేసిన, స్వరకర్త గ్రీగ్ మూడో సొనాటాకే (వయొలిన్, పియానోల రచన). మొత్తం ఆరు రికార్డు వైపులు. ఒక్కో వైపు నాలుగైదు నిమిషాలకు మించి పట్టదు. ఒక్కొక్కటీ ఐదేసి సార్లు వాయించి, ముప్ఫైలోంచి ఆరు ఏరుకున్నామని రఖ్మానినోవ్ తర్వాత చెప్పారు. అంత చాకిరీ క్రైస్లర్‌కు నచ్చి ఉండకపోవచ్చని కూడా ఆయనే అన్నారు! రెండో భాగంలో పియానో ఒంటరిగా పాట ఎత్తుకుంటుంది, తర్వాత వయొలిన్ అందుకుంటుంది. అక్కడ క్రైస్లర్ స్వరం నుంచి స్వరానికి జారే తీరు వినండి. నేను చిన్నప్పుడు కర్ణాటక వయొలిన్ నేర్చుకున్నాను, జారు అలవాటైన చెవి. అందుకే ఆయన నన్ను వెంటనే పట్టేశారు. ఇప్పటి పాశ్చాత్య వయొలినిస్టులు దాన్ని బాగా తగ్గించేశారు, నాకైతే అది నష్టమే అనిపిస్తుంది.

ఆ తర్వాత కోర్తో (పియానో), తిబో (వయొలిన్), కసాల్స్ (చెల్లో) 1926లో చేసిన షూబర్ట్ బి ఫ్లాట్ ట్రియో, అంటే ముగ్గురు కలిసి వాయించే రచన.

కాన్చెర్టో కావాలంటే ఫ్రెంచ్ వయొలినిస్టు జినెట్ నెవో. 1935లో వార్సాలో వీనియావ్‌స్కీ వయొలిన్ పోటీలో సోవియట్ వయొలినిస్టు ఓయిస్ట్రాఖ్‌ను రెండో స్థానానికి నెట్టినప్పుడు ఆమెకు 15 ఏళ్లు. 1949లో విమాన ప్రమాదంలో పోయేనాటికి 30. చేసిన రికార్డులు కొద్దే. వాటిలో 1945 నాటి సిబెలియస్ కాన్చెర్టో వినండి. అదే కాన్చెర్టోను 1935లో ఆర్కెస్ట్రా నిర్దేశకుడు బీచమ్‌తో వయొలినిస్టు హైఫెట్జ్ చేసినదీ పక్కన పెట్టుకోండి. ఆయనది తళతళలాడుతుంది, ఈమెది కాలుతుంది. నేను మళ్లీ మళ్లీ వినేది ఈమెదే.

గరగర సంగతికొస్తే, పూర్తిగా శుభ్రం చేసిన కాపీలు తీసుకోవద్దు. చప్పుడుతో పాటు కమాను గీత పదును కూడా పోతుంది. పాత రికార్డులను బాగుచేసే మార్క్ ఓబర్ట్-థార్న్, వార్డ్ మార్స్టన్ చేసిన డిజిటల్ కాపీలు దొరికితే అవే తీసుకోండి. ఇయర్‌ఫోన్లు పక్కన పెట్టి స్పీకర్లో, ట్రెబుల్ కాస్త తగ్గించి వినండి. కాసేపటికి చెవి దాన్ని పట్టించుకోవడం మానేస్తుంది. ‘స్టీరియో’ అని రాసి ఉన్న అప్‌లోడ్లు మాత్రం వద్దు, ఇవన్నీ మోనో, అంటే ఒకే ధ్వని మార్గం ఉన్న రికార్డులే.