చక్కెర దగ్గరే ఆగిపోకు

నాయనా,

నీ వ్యాసం రాత్రి రెండుసార్లు చదివాను. రక్త క్యాన్సర్ ఎందుకు తిరగబెడుతుందో తెలుగులో రాయాలని నీకు తోచడమే నాకు చాలా సంతోషం. కానీ మూడో పేరాలో ‘క్యాన్సర్ కణాలు చక్కెర తిని బతుకుతాయి’ అని ఒక్క ముక్కలో తేల్చేశావు చూడు, దాన్ని అలా వదలొద్దు. నేనూ ఒకప్పుడు అచ్చం అలాగే రాశాను. ఆ తర్వాత ఒకరోజు తిరుపతిలో ఒక ఆస్పత్రి వరండాలో, కీమోతో ఎముకలు తేలిపోయిన మనిషి పక్కన ఆయన భార్య కూర్చుని, ఎవరో కొండ మీద నుంచి తెచ్చిచ్చిన లడ్డూను కాగితంలో చుట్టి సంచి అడుక్కి తోసేస్తుంటే చూశాను. ఆయన చెయ్యి చాపాడు. ‘తీపి తింటే జబ్బుకు మేత వేసినట్టేనంట’ అందామె. ఎక్కడ చదివావమ్మా అని అడిగే ధైర్యం నాకు లేకపోయింది.

చక్కెర మాటలో నిజం లేకపోలేదు. కణితులు గ్లూకోజ్‌ను విపరీతంగా వాడుకుంటాయని 1920లలోనే జర్మన్ శాస్త్రవేత్త వార్‌బర్గ్ గమనించాడు. అయితే నువ్వు రాస్తున్నది తిరగబెట్టడం గురించి కదా. మీ వేరుశనగ చేలో తుంగ పీకితే ఆకు తెగి చేతికొస్తుంది, గడ్డ లోపలే ఉండిపోతుంది. అక్యూట్ మైలాయిడ్ లుకేమియా అనే, వేగంగా ముదిరే రక్త క్యాన్సర్‌లో ఆ గడ్డలాంటివి ఎముక మూలుగలో ఉండే కొద్దిపాటి మూలకణాలు, జబ్బు కణాలను మళ్లీ పుట్టించేవి. సైటరాబిన్ లాంటి కీమో మందు, గబగబా విభజన చెందే కణాలు డీఎన్ఏ తయారుచేసుకునే వేళ వాటిని దెబ్బ తీస్తుంది. ఈ మూలకణాల్లో చాలావరకు విభజన లేకుండా ఊరికే పడుంటాయి, అందుకే ఆ దెబ్బ వాటికి అంతగా తగలదు.

నీ వ్యాసంలో ‘దాక్కుంటాయి’, ‘తెలివైన శత్రువు’ లాంటి మాటలు కొట్టేసి, ఆ మూలకణాల తిండి ఏమిటో రాయి. ఇవి కణంలో శక్తి పుట్టే చోటైన మైటోకాండ్రియాలో ఆక్సిజన్‌తో శక్తి తయారుచేసుకుంటాయి, అందుకు మాంసకృత్తుల్లోని ముక్కలైన అమైనో ఆమ్లాల మీద బాగా ఆధారపడతాయి, మిగతా క్యాన్సర్ కణాల్లా గ్లూకోజ్ మీదికి మళ్లడం వీటికి అంతగా చేతకాదు. వెనెటోక్లాక్స్, అజాసిటిడిన్ అనే రెండు మందులు కలిపి ఇచ్చినప్పుడు పట్టు దొరికేది అక్కడే: అమైనో ఆమ్లాలు అందడం తగ్గి వాటి శక్తి పడిపోతుంది. గట్టి కీమో తట్టుకోలేని పెద్దవాళ్లకు ఈ జోడీని 2018లో అమెరికా అనుమతించింది. 2020లో వచ్చిన ట్రయల్ ఫలితాల్లో, అజాసిటిడిన్ ఒక్కటే తీసుకున్నవాళ్ల మధ్యస్థ ఆయుష్షు (సగంమంది బతికి దాటిన కాలం) 9.6 నెలలైతే, రెండూ తీసుకున్నవాళ్లది 14.7 నెలలు. చదివేవాళ్లకు ఇది అంకె కాదు, ఇంట్లో ఇంకో సంక్రాంతి. అయినా కొందరికి తిరగబెడుతుంది. అలాంటివాళ్ల మూలకణాలు ఆ లోటును కొవ్వు ఆమ్లాలతో పూడ్చుకోవడం కనబడింది, ఒక కొట్టు మూసేస్తే ఇంకో కొట్టులో సరుకు తెచ్చుకున్నట్టు. నీ వ్యాసానికి గుండెకాయ ఇదే, ఇక్కడ పేజీ నిండా రాయి.

ఇంకొకటి. అమైనో ఆమ్లాలు అనగానే మనవాళ్లు ఈసారి పప్పు, గుడ్డు మాన్పిస్తారు. తిండి తగ్గిస్తే ఒళ్లు తన కండనే కరిగించి ఆ ఆమ్లాలను రక్తంలోకి వదులుతుంది, మనిషి నీరసిస్తాడు తప్ప ఆ కణాలు పస్తుండవు. డాక్టరు వద్దన్నవి తప్ప అన్నీ పెట్టమని మొదటి పేరాలోనే రాయి. నాకు పంపే ముందు మీ అమ్మకు చదివి వినిపించి, ‘ఇది విన్నాక జబ్బు మనిషికి పప్పన్నం పెడతావా’ అని అడుగు.