కిడ్నీలో రాయికి రోజూ బీరు... చంద్రగిరి సోదరి ప్రశ్నకు డాక్టర్ సలహా

ప్రశ్న: డాక్టర్ గారూ, మాది తిరుపతి దగ్గర చంద్రగిరి. మా ఆయనకు 42 ఏళ్లు. సొంత కారును ట్యాక్సీగా తిప్పుతారు. రేణిగుంట నుంచి భక్తులను కొండకు తీసుకెళ్లి దించడం ఆయన పని. మూడు నెలల కింద నడుము పక్కన నొప్పితో విలవిల్లాడితే స్కానింగ్ తీశారు. ఎడమ కిడ్నీలో 6 మి.మీ. రాయి ఉందన్నారు. నీళ్లు బాగా తాగమని, నెల తర్వాత మళ్లీ రమ్మని చెప్పారు. మళ్లీ వెళ్లలేదు. స్టాండులో తోటి డ్రైవర్లు రోజూ ఒక బీరు తాగితే రాయి కరిగి పడిపోతుందన్నారట. అంతకుముందు ఏ పండక్కో పెళ్లికో తాగే మనిషి, ఇప్పుడు రోజూ రాత్రి ఒక స్ట్రాంగ్ బీరు తాగుతున్నారు. అడిగితే ‘ఇది తాగుడు కాదు, వైద్యం’ అంటారు. షుగర్‌కు గ్లిమిపిరైడ్, మెట్‌ఫార్మిన్ కలిసిన మాత్ర వాడుతున్నారు. పోయిన వారం అర్ధరాత్రి కాలి బొటనవేలు ఎర్రగా వాచి, దుప్పటి తగిలినా ఓర్చుకోలేకపోయారు. బీరుతో రాయి నిజంగా కరుగుతుందా? ఎండాకాలంలో చలువ చేస్తుందంటారు, నిజమేనా? సీసాను నీళ్ల గ్లాసులో తలకిందులుగా పెట్టి గ్లిజరిన్ పోయాక తాగితే ఏమీ కాదంటున్నారు. అదైనా నిజమా? ఫ్రిజ్‌లో ఇంకా రెండు సీసాలున్నాయి. వాటిని ఏం చేయమంటారు?

జవాబు: అమ్మా, బీరుతో రాయి కరగదు. ముందు ఈ మాట మీ ఆయనకు చెప్పండి. కానీ మీ ఉత్తరం చదివాక రాయి కంటే ఎక్కువగా నన్ను కలవరపెట్టినవి రెండున్నాయి. ఒకటి ఆయన వాడుతున్న షుగర్ మాత్ర, రెండోది వాచిన బొటనవేలు. వాటి దగ్గరికి వస్తాను. మీరు మొదట రాయి గురించి అడిగారు కాబట్టి అక్కడి నుంచే మొదలుపెడతాను.

కిడ్నీలో ఏర్పడే రాళ్లలో ఎక్కువ శాతం కాల్షియం ఆక్సలేట్ రాళ్లు. ఇవి పటికబెల్లం పలుకుల్లా నీళ్లలో కరిగేవి కావు. బీరు, ఉలవ నీళ్లు, అరటి దవ్వ రసం, ఏది తాగినా కరగవు. మరి బీరు తాగాక రాయి పడిపోయిందని అంతమంది ఎందుకు చెబుతారు? వాళ్లు అబద్ధం చెప్పడం లేదు. రాయి కిడ్నీ నుంచి మూత్రనాళంలోకి దిగాక, 5 మి.మీ. లోపు ఉంటే పదిమందిలో ఆరేడుగురికి దానంతట అదే బయటికి వచ్చేస్తుంది. 5 నుంచి 10 మి.మీ. మధ్య ఉన్నవి కూడా సుమారు సగం మందిలో పడిపోతాయి. ఆ వారం బీరు తాగినవాడు బీరు వల్ల అనుకుంటాడు, ఉలవ నీళ్లు తాగినవాడు ఉలవల వల్ల అనుకుంటాడు. పడని వాళ్లు మాత్రం స్టాండులో ఆ సంగతి చెప్పుకోరు, ఆపరేషన్ టేబుల్ మీద మాకు చెబుతారు.

ఈ నమ్మకానికి కొంత ఊతమిచ్చిన పరిశోధన ఒకటుంది. అది దాచిపెడితే రేపు ఎవరో ఫోనులో చూపించి, డాక్టర్లు నిజం చెప్పరని మీ ఆయనతో అంటారు. అమెరికాలో నలభై అయిదు వేలమందికి పైగా మగవాళ్లను ఏళ్లపాటు గమనించి 1996లో ప్రచురించిన అధ్యయనంలో, బీరు తాగేవాళ్లకు కొత్త రాళ్లు ఏర్పడటం కాస్త తక్కువగా కనిపించింది. అదే అధ్యయనంలో కాఫీ, టీ తాగేవాళ్లకూ తక్కువగానే కనిపించింది. అది కొత్త రాయి పుట్టడం గురించిన లెక్క. ఉన్న రాయి కరిగిందని అందులో ఎక్కడా లేదు. అదే 1996లో ఇటలీ వైద్యులు ఇంకో పరిశోధన ప్రచురించారు. ఒకసారి రాయి వచ్చినవాళ్లలో సగం మందితో రోజుకు 2 లీటర్లకు పైగా మూత్రం వచ్చేంత నీళ్లు తాగించారు, మిగతా సగాన్ని మామూలుగా వదిలేశారు. అయిదేళ్లలో నీళ్లు తాగినవాళ్లలో 12 శాతం మందికి, తాగనివాళ్లలో 27 శాతం మందికి రాయి మళ్లీ వచ్చింది. ఉత్త నీళ్లు చేసిన పని అది. షుగర్ ఉన్నవాళ్లకైనా, కారు నడిపేవాళ్లకైనా దాంతో ఏ ప్రమాదమూ లేదు.

బీరు తాగగానే మూత్రం ధారాళంగా వస్తుంది కదా, రాయిని తోసేస్తుంది కదా అని మీ ఆయన అడగవచ్చు. ఒంట్లో నీటిని పొదుపు చేయమని కిడ్నీలకు చెప్పే వాసోప్రెసిన్ అనే హార్మోను మెదడు కింది గ్రంథి నుంచి వస్తుంది. ఆల్కహాల్ దాన్ని అణిచేస్తుంది. అందుకే తాగిన రెండు మూడు గంటలు మూత్రం ఆగదు. పోతున్నది ఆయన ఒంట్లోని నీరే. తెల్లారేసరికి నోరు ఎండిపోయి, మూత్రం చిక్కగా, ముదురు పసుపుగా వస్తుంది. రాయి పెరిగేది ఆ చిక్కటి మూత్రంలోనే. ఇంకో సంగతి. నొప్పి వస్తోందంటే చాలాసార్లు రాయి మూత్రనాళంలో అడ్డుపడిందని అర్థం. అప్పుడు నీళ్లయినా సరే, బలవంతంగా లీటర్లకొద్దీ తాగకూడదు. పైన ఒత్తిడి పెరిగి నొప్పి ఎక్కువవుతుందే గానీ రాయి కదలదు.

ఇక బొటనవేలు. అర్ధరాత్రి ఉన్నట్టుండి వాచి, దుప్పటి తగిలినా భరించలేని నొప్పి అంటే నేను మొదట అనుమానించేది గౌట్‌ను. రక్తంలో యూరిక్ యాసిడ్ పెరిగి, దాని స్ఫటికాలు కీలులో పేరుకుంటే వచ్చే జబ్బు ఇది. బీరుకూ దీనికీ ఉన్న సంబంధం చాలా గట్టిది. బీరులో ప్యూరిన్లు ఉంటాయి, అవి ఒంట్లో యూరిక్ యాసిడ్‌గా మారతాయి. పైగా ఆల్కహాల్ వల్ల అది మూత్రంలో బయటికి పోవడం తగ్గుతుంది. నలభై ఏడు వేలమంది మగవాళ్లను 12 ఏళ్లు గమనించి 2004లో ప్రచురించిన అధ్యయనంలో, రోజుకు రెండు గానీ అంతకంటే ఎక్కువ గానీ బీర్లు తాగేవాళ్లకు, తాగనివాళ్లతో పోలిస్తే గౌట్ ముప్పు రెండున్నర రెట్లు కనిపించింది. అక్కడ ఒక బీరంటే సుమారు 350 మి.లీ. మన దగ్గర పెద్ద సీసా 650 మి.లీ. అంటే మీ ఆయన తాగే ఒక్క సీసా దాదాపు వాళ్ల రెండు బీర్లతో సమానం.

ఇక్కడే మీ ఆయన తప్పకుండా వినాల్సిన మాట ఉంది. కిడ్నీ రాళ్లలో కొన్ని యూరిక్ యాసిడ్ రాళ్లు. షుగర్ ఉన్నవాళ్లలో ఇవి ఎక్కువ. రాళ్లన్నిటిలో మందులతో నిజంగా కరిగించగలిగే రకం ముఖ్యంగా ఇదే. మూత్రంలో ఆమ్లత తగ్గించే పొటాషియం సిట్రేట్ లాంటి మందును డాక్టర్ పర్యవేక్షణలో వాడితే చాలామందిలో ఆపరేషన్ లేకుండానే పోతుంది. ఆయనది ఆ రాయే అయితే, కరిగించగలిగిన రాయిని రోజూ రాత్రి బీరు పోసి పెంచుకుంటున్నట్టే. ఈ రాళ్లు మామూలు ఎక్స్‌రేలో కనిపించవు. సీటీ స్కాన్, రక్తంలో యూరిక్ యాసిడ్, కిడ్నీల పనితీరు తెలిపే క్రియాటినిన్, మూత్ర పరీక్ష చేయించండి. రాయి ఎప్పుడైనా పడితే పారేయకుండా చిన్న డబ్బాలో వేసి తీసుకెళ్లండి, దేనితో తయారైందో పరీక్షిస్తారు.

షుగర్ మాత్ర గురించి. గ్లిమిపిరైడ్ షుగర్‌ను తగ్గించే మందు. రాత్రి మనం తినని వేళల్లో షుగర్ మరీ పడిపోకుండా కాలేయం కొంత గ్లూకోజ్ వదులుతూ ఉంటుంది. ఆల్కహాల్ ఉంటే ఆ పని మందగిస్తుంది. రెండూ కలిస్తే తెల్లవారుజామున షుగర్ ప్రమాదకరంగా పడిపోవచ్చు. చెమటలు, వణుకు, మాట తడబాటు వస్తాయి. ఇంట్లోవాళ్లు మత్తు దిగలేదనుకుని పడుకోబెడతారు. అలా పడుకోబెట్టి, తర్వాత స్పృహ లేకుండా ఆసుపత్రికి తెచ్చినవాళ్లను చూశాను. అందుకే ఇంత గట్టిగా చెబుతున్నాను. ఆయన అలా కనిపిస్తే వెంటనే షుగర్ చూడండి. మిషను లేకపోతే, మెలకువగా ఉండి మింగగలిగితే మూడు నాలుగు చెంచాల చక్కెర నీళ్లలో కలిపి తాగించండి. మింగలేని స్థితిలో నోట్లో ఏమీ పోయకుండా 108కు ఫోన్ చేయండి.

ఆయన తెల్లవారుజామున ఘాట్ రోడ్డెక్కే మనిషి. స్ట్రాంగ్ బీరులో ఆల్కహాల్ 8 శాతం దాకా ఉంటుంది. 650 మి.లీ. సీసాలో అది సుమారు 40 గ్రాములు. 30 మి.లీ. విస్కీ పెగ్గులో ఉండేది 10 గ్రాములు. అంటే ‘బీరే కదా’ అనుకుంటున్న ఆ ఒక్క సీసా నాలుగు పెగ్గులతో సమానం. కాలేయం గంటకు ఏడు నుంచి పది గ్రాములే వదిలించుకోగలదు. రాత్రి 11కు తాగితే తెల్లవారి మూడు నుంచి అయిదు దాకా అది ఒంట్లోనే ఉంటుంది. చల్లనీళ్ల స్నానం, కాఫీ, నిమ్మకాయ మజ్జిగ, ఏవీ దాన్ని తొందరగా దించలేవు. 100 మి.లీ. రక్తంలో 30 మి.గ్రా. దాటితే చట్టం ప్రకారం నేరం. అన్నిటికంటే ముఖ్యం, వెనక సీట్లో పిల్లాపాపలతో ఒక కుటుంబం కూర్చుని ఉంటుంది.

గ్లిజరిన్ మాట మన దగ్గర కాలేజీ పిల్లల నుంచి పెద్దవాళ్ల దాకా అందరూ నమ్ముతున్నారు. ఈస్ట్ చక్కెరను ఆల్కహాల్‌గా మార్చేటప్పుడు కొద్దిగా గ్లిజరిన్ కూడా తనంతట తానే పుడుతుంది. అది బీరంతటా కరిగి ఉంటుంది. సీసాను తలకిందులు చేస్తే విడిగా కిందికి దిగదు. నీళ్లలోకి జారుతున్నట్టు కనిపించేది బీరే, నీటికంటే కాస్త బరువైనది కాబట్టి అలా దిగుతుంది. చెడు చేసేది గ్లిజరిన్ కాదు, ఆల్కహాల్. అది సీసాలోనే మిగిలి ఉంటుంది. 

చలువ కూడా అంతే. ఫ్రిజ్‌లోంచి తీసిన ఏ సీసా అయినా గొంతుకు చల్లగానే ఉంటుంది. మే నెలలో తిరుపతిలో 40 డిగ్రీలు దాటిన ఎండలో పగలంతా చెమటోడ్చిన మనిషికి, నీటిని బయటికి పంపే పానీయం చలువ ఎలా చేస్తుంది? బార్లీ నుంచి వచ్చింది కదా అంటారు. బార్లీ కావాలంటే ఇంట్లో గింజలు ఉడికించి, ఉప్పూ చక్కెరా లేకుండా ఆ నీళ్లు వడగట్టి ఇవ్వండి.

అసలు ఆయనకు రాయి ఎందుకు వచ్చిందో నాకు మీ ఉత్తరంలోనే కనిపిస్తోంది. ట్యాక్సీ, లారీ, బస్సు డ్రైవర్లలో రాళ్లు నేను తరచుగా చూస్తాను. మధ్యలో ఆపడానికి వీలుండదని నీళ్లు తాగరు, వచ్చిన మూత్రాన్ని ఆపుకుంటారు. పొద్దున్నుంచి నాలుగైదు టీలు, ఒక అర లీటరు నీళ్లు, అంతే. ఇది వాళ్ల తప్పని నేను అనను. స్టాండుల దగ్గర శుభ్రమైన మరుగుదొడ్డి లేకపోతే ఎవరు మాత్రం నీళ్లు తాగుతారు? అయినా ఒక పద్ధతి చెబుతాను. నిద్ర లేవగానే రెండు గ్లాసులు. ప్రతి ట్రిప్పు ముగిశాక, ప్రయాణికులు దిగగానే అర లీటరు, మళ్లీ ఎక్కించుకునే ముందు మూత్రానికి వెళ్లి రావడం. రాత్రి పడుకునే ముందు ఒక గ్లాసు. మన ఎండకు రోజుకు మూడు, మూడున్నర లీటర్లు కావాలి. లెక్క పెట్టుకోవడం కష్టమైతే మూత్రం రంగు చూసుకోమనండి, ఎండుగడ్డి రంగులో లేతగా ఉంటే సరిపోయినట్టు. క్రియాటినిన్ పెరిగి ఉంటే మాత్రం ఎన్ని నీళ్లు తాగాలో డాక్టర్‌ను అడిగాకే.

నిమ్మరసం మంచిది, అందులోని సిట్రేట్ రాయి కట్టకుండా అడ్డుకుంటుంది. ఉప్పు, చక్కెర కలపకండి. ఊరగాయలు, అప్పడాలు, బీరు పక్కన చేరే కారం బూందీ తగ్గించండి, ఉప్పు ఎక్కువైతే మూత్రంలో కాల్షియం ఎక్కువవుతుంది. గౌట్ అని తేలితే కార్జం, బోటీ మానేయాలి. పాలు, పెరుగు మానకండి. టమాటా గింజల వల్ల రాళ్లు వస్తాయని చాలా ఇళ్లలో కూరలో వేయడమే మానేశారు. ఆ భయం అక్కర్లేదు, మామూలుగా తినవచ్చు.

నొప్పి వచ్చినప్పుడల్లా మెడికల్ షాపులో డైక్లోఫెనాక్ లాంటి మాత్రలు కొని వేసుకుంటున్నారేమో కనుక్కోండి. ఒంట్లో నీరు తగ్గి, షుగర్ ఉండి, పైన ఆల్కహాల్ పడితే ఆ మాత్రలు కిడ్నీని దెబ్బతీస్తాయి, కడుపులో రక్తస్రావం కూడా తెస్తాయి. బొటనవేలు నొప్పికి కూడా సొంతంగా వాడవద్దు.

ఈ వారంలోనే యూరాలజీ ఓపీకి తీసుకెళ్లండి. తిరుపతిలో రుయా, స్విమ్స్ ఆసుపత్రులు రెండూ మీకు దగ్గరే. పాత స్కానింగ్ రిపోర్టు, షుగర్ మాత్రల అట్ట వెంట ఉండాలి. ఎన్ని రోజులుగా, ఎంత తాగుతున్నారో దాచకుండా చెప్పమనండి. మత్తుమందు ఇవ్వాల్సి వచ్చినా, మందులు రాయాల్సి వచ్చినా మాకు ఆ వివరం కావాలి. ఈలోగా చలిజ్వరం, ఆగని వాంతులు, మూత్రం రాకపోవడం, వీటిలో ఏది కనిపించినా ఓపీ కోసం ఆగవద్దు, ఎమర్జెన్సీకి వెళ్లండి. రాయి అడ్డుపడిన కిడ్నీలో చీము చేరితే గంటల్లో ప్రాణం మీదికి వస్తుంది.

ఫ్రిజ్‌లో ఉన్న రెండు సీసాలు మీరు పారబోయవద్దు. మీరు పారబోస్తే గొడవ మీ ఇద్దరి మధ్య మొదలవుతుంది, సాయంత్రానికి కొత్త సీసాలు వస్తాయి. ఆయన డ్యూటీ లేని పూట చూసి ఈ జవాబు చదివి వినిపించండి, ఆయన చేత్తోనే పారబోయనివ్వండి. రాయి తగ్గాలనే ఆయన తాగుతున్నారు, ఆ ఉద్దేశం చెడ్డది కాదు. మూడు నెలలు రోజూ తాగాక మానితే కొందరికి చేతులు వణకడం, నిద్ర పట్టకపోవడం, చిరాకు ఉంటాయి. అలా ఉన్నా, మానలేకపోతున్నానని ఆయనే అన్నా తిట్టకండి. ప్రభుత్వ మానసిక ఆరోగ్య హెల్ప్‌లైన్ టెలీ మానస్ నంబరు 14416కు ఏ వేళలోనైనా ఫోన్ చేయవచ్చు, తెలుగులోనే మాట్లాడతారు, డబ్బు కట్టక్కర్లేదు.