కథలో శిల్పం (కథ చెప్పే తీరు), ఐరనీ, దృష్టికోణం ఎలా గుర్తుపట్టాలి? డెఫినిషన్లు వచ్చు గానీ చదివేటప్పుడు ఒక్కటీ తట్టట్లేదు

మీరన్నది మా పిల్లలు కూడా అంటారండీ, నేను ఇంటర్ వాళ్ళకి తెలుగు ట్యూషన్ చెప్తా, పాత్రలు ఇతివృత్తం సంభాషణ అని గడగడా చెప్పేస్తారు, తీరా కథ చేతికిస్తే నోరు లేవదు. అందుకే వాళ్ళకి ముందు ఒకటే ప్రశ్న వేస్తా: ఈ విషయం ఇప్పుడు కథలో ఎవరికి తెలుసు, మనకి తెలుసా? సస్పెన్సు, ట్విస్టు, ఐరనీ, దృష్టికోణం, వీటిల్లో చాలావరకు ఆ ఒక్క లెక్క మీదే నడుస్తాయి.

గురజాడ 1910లో రాసిన దిద్దుబాటు తీసుకోండి. (మొదటి తెలుగు కథ అదా, 1902లో భండారు అచ్చమాంబ రాసిన ధనత్రయోదశా అన్న గొడవ వేరే, దాంట్లోకి వెళ్తే తెల్లారిపోద్ది.) గోపాలరావు సానిపాట విని రాత్రి ఒంటిగంటకి ఇంటికొస్తాడు, భార్య కమలిని కనపడదు, పుట్టింటికి పోతున్నా అని ఉత్తరం మాత్రం ఉంటుంది. కథ మొత్తం అతని వెనకాలే నడుస్తుంది, అతనికి తెలిసినంతే మనకీ తెలుసు, దృష్టికోణం అంటే ఇదే. చివర్లో ఆవిడ మంచం కిందే ఉందని తెలిసేసరికి అతనితో పాటు మనమూ ఖంగు తింటాం.

ఇప్పుడు అదే కథ రెండోసారి చదివిస్తా, ఆవిడ మంచం కింద ఉందని మనసులో పెట్టుకుని. ఉత్తరంలో ప్రియా అని కాకుండా అయ్యా అని మొదలెట్టిందేంటని అతను గింజుకుంటుంటే ఆవిడ వింటోంది. ఇక సానిపాట వినను, రాత్రిళ్ళు ఇల్లు కదలను అని అమ్మగారికి చెప్పమని నౌకరు రాముడికి పాఠం నేర్పుతుంటే అదీ వింటోంది. మొదటిసారి జాలిపడ్డ పిల్లలే ఇక్కడ పగలబడి నవ్వుతారు. అక్షరం మారలేదు, మనకి తెలిసింది మారిందంతే. పాత్రకి తెలీనిది మనకి తెలియడం, ఐరనీ అంటే ఇదేనని అప్పుడు నేను వేరే చెప్పక్కర్లేదు. రాముడికి ముందే తెలుసా లేదా అని మాత్రం ప్రతి బ్యాచిలోనూ కొట్టుకుంటారు.

కన్యాశుల్కంలో ఇదే గురజాడ ఉల్టా చేశాడు. లుబ్ధావధాన్లు కట్టుకున్న పెళ్ళికూతురు ఆడవేషం వేసిన కరటకశాస్త్రి శిష్యుడని మనకి ముందే తెలుసు, ముసలాయనకి తెలీదు. ఆ పిల్ల మాయమయ్యాక ఆయన మీద ఖూనీ కేసు కూడా పడుతుంది, అసలు ఎవరూ చావని ఖూనీ! ట్విస్టు కోసం ఆ సంగతి చివరిదాకా దాచి ఉంటే అంతసేపు నవ్వేవాళ్ళం కాదు, నా దృష్టిలో దాచడం కన్నా ముందే చెప్పేసి నడిపించడమే కష్టం.

ఉపమ, ఉత్ప్రేక్ష లాంటివి వాక్యంలోనే దొరికిపోతాయి, వాటికి వ్యాకరణం పుస్తకం చాలు. ప్రతీకల కోసం మాత్రం మరీ వెతక్కండి, గొడుగు కనపడ్డ చోటల్లా రక్షణకి ప్రతీక అని రాసే పేపర్లు దిద్దీ దిద్దీ విసుగొచ్చింది, కథలో గొడుగు వాన కోసం కూడా ఉండొచ్చు కదా.

దిద్దుబాటు నాలుగైదు పేజీలే, ఇవాళే రెండుసార్లు చదివి రాముడికి తెలుసో లేదో మీరేమనుకుంటున్నారో కింద రాయండి, నేనైతే తెలుసనే అంటా.