ల్యాప్‌టాప్ పాతదా, కొత్తదా అన్నది రెండో ప్రశ్న

ప్రశ్న: నేను ఇంటి నుంచే ఫ్రీలాన్స్‌గా వీడియో ఎడిటింగ్ చేస్తాను. ఆదాయం ఒక్కో నెల ఒక్కో తీరుగా ఉంటుంది. ఇప్పుడున్న 8 జీబీ మెమరీ (ర్యామ్) ల్యాప్‌టాప్ 4కె ఫుటేజీ వేయగానే మొరాయిస్తోంది. రెండు చూసి పెట్టుకున్నాను. ఒకటి 2021 నాటి 14 అంగుళాల మ్యాక్‌బుక్ ప్రో, ఎం1 ప్రో చిప్, 16 జీబీ, ఒకరు వాడినది. మా ఇంటి రెండు నెలల ఖర్చుతో వచ్చేస్తుంది. రెండోది ఎం4 ప్రో, 24 జీబీ, సీలు తీయనిది. దానికి ఐదు నెలల ఖర్చంత అవుతుంది. నా పొదుపు మూడు నెలల ఖర్చుకు సరిపోతుంది. అదంతా డౌన్ పేమెంట్‌గా కట్టి, మిగతాది 12 నెలల ఈఎంఐ పెట్టుకుందామని ఉంది. ఈఎంఐ రాకపోతే లోన్ యాప్‌లో తీసుకుంటాను. కొత్తదైతే పని త్వరగా అవుతుంది, ఆదాయం పెరుగుతుంది కదా? పాత ల్యాప్‌టాప్ అమ్మేయమంటారా?

జవాబు: మీ ఉత్తరంలో సగం చిప్‌ల గురించే ఉంది. పొదుపు గురించి రెండే వాక్యాలు, వాటిలో రెండోది "అదంతా" అని మొదలైంది. నేను అక్కడే ఆగిపోయాను. కెమెరా కొనేవాళ్లు, డ్రోన్ కొనేవాళ్లు, మైకులు కొనేవాళ్లు ఇదే పొరపాటు చేసి నా దగ్గరకు వస్తుంటారు. పనిముట్టు కదా, ఎలాగూ తిరిగి సంపాదించి పెడుతుంది అనుకుని, ఆపద కోసం దాచుకున్న డబ్బంతా అందులో పోసేస్తారు. మీరింకా ఎక్కడా సంతకం పెట్టలేదు కాబట్టి కాస్త వివరంగానే రాస్తున్నాను.

కొత్తదాని లెక్క చూడండి. మూడు నెలల ఖర్చు డౌన్ పేమెంట్‌కు పోతుంది. మిగిలిన రెండు నెలల ఖర్చును 12 వాయిదాలు చేస్తే, వడ్డీ కలపకుండానే, నెలనెలా మీ ఇంటి ఖర్చులో ఆరో వంతు అదనంగా కట్టాలి. పని బాగా ఉన్న నెలలో అది తెలియకుండానే గడిచిపోతుంది. పని రాని నెలలో మాత్రం ఇంటి ఖర్చు, దాని మీద ఈ ఆరో వంతు, ఖాతాలో సున్నా. జీతగాళ్లకు ఒకటో తారీఖు ఉంటుంది. మీకు డబ్బు పడేది క్లయింటు వేసిన రోజున. ఈఎంఐ మాత్రం అదే తారీఖుకు కట్ అవుతుంది.

ఒక ఎడిటర్ సంగతి చెప్తాను. ఆయన వాయిదా ప్రతి నెలా 5న. పెద్ద ప్రాజెక్టు పూర్తి చేసి ఇన్‌వాయిస్ పంపారు, డబ్బు 23న పడింది. మధ్యలో ఆ 18 రోజులు గట్టెక్కడానికి క్రెడిట్ కార్డు మీద నగదు తీశారు. తర్వాతి నెల కార్డు బిల్లు, వాయిదా రెండూ మీద పడ్డాయి. ఏడో నెలకొచ్చేసరికి తన మంచి లెన్సు అమ్మి వాయిదా కట్టారు. ఆయనకు పనికి కొదవ లేదు, 18 రోజులు ఆగడానికి చేతిలో డబ్బే లేదు. బ్యాంకు స్టేట్‌మెంట్ ప్రింటు తీసి, 5వ తారీఖులన్నీ ఎర్ర పెన్నుతో చుట్టి తెచ్చారు. ఆ కాగితం ఇప్పటికీ నా కళ్ల ముందే ఉంది.

లోన్ యాప్ మాట దయచేసి మళ్లీ ఎత్తకండి. ఈ విషయంలో నాకు ఓపిక లేదు. నాలుగేళ్లు వాడే వస్తువు కోసం వారాల్లో, నెలల్లో తీర్చాల్సిన అప్పు చేస్తారా? ఫీజు ముందే కోసుకుని తక్కువ చేతికిచ్చి, వడ్డీ మాత్రం మొత్తానికి వేసే అప్పులు అవి. ఈఎంఐ ఇవ్వడానికి ఒక సంస్థ వెనకాడిందంటే, మీ ఆదాయంలో నిలకడ లేదని వాళ్లకు కనిపించి ఉండొచ్చు. అది విని ఆగాలి గానీ, అంతకంటే ఎక్కువ వడ్డీకి ఇచ్చేవాళ్ల దగ్గరకు పరుగెత్తకూడదు.

ఆదాయం పెరుగుతుందన్న ఆశను కూడా ఒకసారి పరీక్షించుకోండి. ల్యాప్‌టాప్ నెమ్మదిగా ఉందన్న ఒక్క కారణంతో గడిచిన ఆరు నెలల్లో చేజారిన పనులు ఎన్ని? కాగితం మీద రాయండి. పని ఏమిటో, దానికి ఎంత వచ్చేదో రెండూ రాయాలి. కాగితం ఖాళీగా మిగిలితే కొత్త చిప్ మీ ఆదాయాన్ని పెంచదు, మీ చిరాకును తగ్గిస్తుంది. కట్ ఎక్కడ పడాలో ఆలోచించే సమయాన్నీ, క్లయింటు మూడోసారి మార్పులు చెప్పే సమయాన్నీ ఏ చిప్పూ తగ్గించలేదు. ఎక్స్‌పోర్ట్‌లో, అంటే ఎడిట్ అయిన వీడియోను ఫైలుగా తయారుచేయడంలో, మిగిలే అరగంటకు డబ్బు రావాలంటే, ఆ అరగంటలో చేయడానికి ఇంకో పని చేతిలో ఉండాలి.

ఒకరు వాడిన ఆ 2021 మ్యాక్‌బుక్ మీ పనికి చాలుతుందా అంటే, చాలుతుంది. ఎం1 ప్రోలో ప్రోరెస్ (ఎడిటింగ్ కోసం యాపిల్ చేసిన వీడియో ఫార్మాట్) కోసం విడిగా హార్డ్‌వేర్ ఇంజిన్ ఉంది, 2020 నాటి మామూలు ఎం1లో అది లేదు. మెమరీ వేగం సెకనుకు 200 జీబీ. 2023లో వచ్చిన ఎం3 ప్రోలో అది 150కి తగ్గింది. అదే ఏడాది వచ్చిన మామూలు ఎం3 మ్యాక్‌బుక్ ప్రో 8 జీబీతో మొదలైంది. వీటిలో మెమరీ తర్వాత పెంచుకునే వీలు లేదు కాబట్టి, 2023 నాటి 8 జీబీ కంటే 2021 నాటి 16 జీబీయే మీకు మేలు. ఏడాది చూసి కాదు, మెమరీ చూసి ఎంచుకోండి. ఏవీ1 అనే, ఎక్కువగా ఆన్‌లైన్ స్ట్రీమింగ్‌లో వాడే ఫార్మాట్ వీడియోను హార్డ్‌వేర్‌లో డీకోడ్ చేసే వసతి ఎం3 నుంచే వచ్చింది, కానీ మీకు వచ్చే కెమెరా ఫుటేజీకి దాని అవసరం అంతగా ఉండదు.

మరీ పాతదానికి మాత్రం వెళ్లకండి. ఇంటెల్ చిప్ ఉన్న మ్యాక్‌లకు మ్యాక్‌ఓఎస్ 26తో కొత్త వెర్షన్లు ఆగిపోతాయి. విండోస్ 10కి మామూలు సపోర్ట్ 2025 అక్టోబరు 14న ముగిసింది. ఇంటెల్ 7వ తరం, అంతకు ముందు ప్రాసెసర్లలో దాదాపు ఏదీ విండోస్ 11 అధికారిక జాబితాలో లేదు.

కాబట్టి రెండింటిలో పాతదే. కానీ ఈ నెలలో వద్దు. ఇప్పుడు కొంటే మీ దగ్గర ఒక్క నెల ఖర్చే మిగులుతుంది. పొదుపు ఐదు నెలల ఖర్చుకు చేరనివ్వండి. అప్పుడు రెండు నెలలది ల్యాప్‌టాప్‌కు పెట్టినా మూడు నెలలది చెక్కుచెదరదు. ఆ తర్వాత దాన్ని ఆరుకు తీసుకెళ్లాలి. సొంత పని చేసుకునేవాళ్లకు నేను ఆరు నెలలకు తగ్గి చెప్పను. మీ ల్యాప్‌టాప్ చెడిపోయిన రోజున రిపేరు ఖర్చు మొదలవుతుంది, రాబడి ఆగుతుంది, రెండూ ఒకేసారి. వారంటీ ఉంటే రిపేరు బిల్లు తప్పుతుంది, నిజమే, కొత్తదానికి ఉన్న అసలు లాభం అదే. కానీ ల్యాప్‌టాప్ సర్వీస్ సెంటర్‌లో ఉన్న పది రోజులు మీ ఇల్లు నడిపేది వారంటీ కాదు, మీరు దాచిన డబ్బే. వచ్చిన ప్రతి పేమెంటులో మూడో వంతు అదే రోజున వేరే ఖాతాలో వేయండి. నెలాఖరున మిగిలింది వేద్దామనుకుంటే ఏమీ మిగలదు.

ఈలోగా పని ఆగక్కర్లేదు. ప్రాక్సీలతో, అంటే అసలు ఫుటేజీకి చేసుకున్న తేలికపాటి నకళ్లతో, ఎడిట్ చేయండి. 4కె ఫ్రేములో ఉండే పిక్సెళ్లలో 1080పీలో నాలుగో వంతు, 720పీలో తొమ్మిదో వంతే ఉంటాయి. రాత్రి పడుకునేముందు 720పీ ప్రాక్సీలు తయారయ్యేలా పెట్టి, పొద్దున వాటి మీద కట్ చేసుకుని, చివరి ఎక్స్‌పోర్ట్‌కు మాత్రం అసలు ఫైళ్లు వాడండి. డావిన్చీ రిజాల్వ్, ప్రీమియర్ ప్రో అనే ఎడిటింగ్ సాఫ్ట్‌వేర్లు రెండింటిలోనూ ఈ వసతి ఉంది. ఎక్స్‌పోర్ట్ నెమ్మదిగానే అవుతుంది, దాన్నీ రాత్రికే వదిలేయండి. ఒక్క భారీ 4కె ప్రాజెక్టు వస్తే దాని వరకు మంచి మెషీన్ అద్దెకు తెచ్చి, ఆ అద్దె కొటేషన్‌లో కలపండి. ల్యాప్‌టాప్ పట్టుకుని తిరిగే పని లేకపోతే డెస్క్‌టాప్ కూడా చూడొచ్చు. ఇంట్లో అందరికీ ఆరోగ్య బీమా లేకపోతే, వీటన్నిటికంటే ముందు అది.

కొనే రోజున మీ ఫుటేజీ ఉన్న ఎస్‌ఎస్‌డీ వెంట తీసుకెళ్లండి. ఛార్జర్ పీకేసి, 20 నిమిషాల 4కె టైమ్‌లైన్ అక్కడే ఎక్స్‌పోర్ట్ చేయించి చూడండి. బ్యాటరీ ఎన్ని సైకిళ్లు (పూర్తి ఛార్జి అంత వాడకానికి ఒక సైకిల్) తిరిగిందో సిస్టమ్ ఇన్ఫర్మేషన్‌లో కనిపిస్తుంది. ఈ మోడల్‌కు యాపిల్ చెప్పే పరిమితి 1000 సైకిళ్లు, దానికి దగ్గర పడితే కొత్త బ్యాటరీ ధర తగ్గించి బేరమాడండి. మూడు థండర్‌బోల్ట్ పోర్టుల్లోనూ ఎస్‌ఎస్‌డీ గుచ్చి చూడాలి. అమ్మేవాళ్లు తమ యాపిల్ ఖాతా నుంచి సైన్ అవుట్ అయి, యాక్టివేషన్ లాక్ (వాళ్ల పాస్‌వర్డ్ లేకుండా మెషీన్‌ను వేరొకరు వాడనివ్వని తాళం) తీసి, మీ ముందు రీసెట్ చేశాకే డబ్బు ఇవ్వండి. స్టోరేజీ బోర్డు మీదే అతికి ఉంటుంది, బోర్డు పోతే ఫైళ్లు కూడా పోయినట్టే. సెకనుకు 100 మెగాబిట్లతో తీసిన ఫుటేజీ గంటకు 45 జీబీ అవుతుంది, దానికి తగ్గ బ్యాకప్ డ్రైవ్ ఖర్చు కూడా లెక్కలో వేసుకోండి.

పాత 8 జీబీ ల్యాప్‌టాప్ అమ్మకండి. అమ్మితే వచ్చేది కొద్ది మొత్తమే. అందులో ఎడిటింగ్ సాఫ్ట్‌వేర్ అలాగే ఉంచి, నెలకోసారి ఆన్ చేసి, అప్‌డేట్లు వేసి పెట్టండి. కొన్నది రిపేరుకు వెళ్లిన వారంలో, బ్యాకప్ డ్రైవ్ దానికి తగిలించి, ప్రాక్సీల మీద కట్ చేసి, చెప్పిన తారీఖుకే పని ఇవ్వగలుగుతారు.