పక్కు పీకేస్తే గాయం మళ్లీ మొదటికొస్తుందా?

ప్రశ్న: బండి మీద నుంచి జారిపడి 10 రోజులైంది. మోకాలి మీద చర్మం దోక్కుపోయి పక్కు కట్టింది కానీ ఒకటే దురద. నిద్రలో గోకేస్తున్నాను, పక్కు ఊడి మళ్లీ రక్తం వస్తోంది. గాలి తగిలితేనే మానుతుందని ఇంట్లోవాళ్లు కట్టు కట్టనివ్వడం లేదు. మచ్చ ఉండిపోతుందేమోనని టెన్షన్‌గా ఉంది. ఏం చేయాలి?

జవాబు: కట్టు కట్టండి. గాలికి వదిలేయాలనే మాట చాలా ఇళ్లలో వినిపిస్తుంది కానీ అది తప్పు.

పక్కు అంటే కొత్త చర్మం కాదండీ. దెబ్బ తగలగానే ప్లేట్‌లెట్లు వచ్చి తెగిన రక్తనాళాన్ని మూస్తాయి, వాటి చుట్టూ ఫైబ్రిన్ అనే ప్రొటీన్ పోగులు వలలా అల్లుకుంటాయి, ఆ వలలో రక్తకణాలు చిక్కుకుని పైపైన ఎండిపోతే అదే పక్కు. ఆ తర్వాత తెల్లకణాలు దిగి క్రిముల్నీ చచ్చిన కణాల్నీ ఏరేస్తాయి. మొదటి రెండు మూడు రోజులు గాయం ఎర్రగా, వేడిగా ఉండేది ఇందుకే.

అసలు పని పక్కు కింద జరుగుతుంది. గాయం అంచుల్లో ఉన్న చర్మకణాలు పక్కవాటితో పట్టు వదులుకుని, పలచబడి, పాకుతూ లోపలికి వస్తాయి. దోక్కుపోయిన గాయాల్లో అయితే వెంట్రుకల కుదుళ్ల నుంచి కూడా పైకొస్తాయి. పక్కు అంచు దగ్గర పరీక్షగా చూడండి, లేత గులాబీ రంగులో మెరుస్తూ సన్నటి పొర కనిపిస్తుంది. అదే మీ కొత్త చర్మం, మీరు గోకినప్పుడు పక్కుతో పాటు చిరిగేదీ అదే. ఈ కణాలు తడి ఉన్నచోటే పాకగలవు, పైన ఎండిపోతే తడి కోసం ఇంకా లోతుకి దిగి చుట్టూ తిరిగి రావాలి. 1962లో జార్జ్ వింటర్ అనే శాస్త్రవేత్త పందుల మీద ఇది చూపించారు: పాలిథీన్ పొర కప్పిన గాయాల మీద, గాలికి వదిలేసిన వాటికంటే దాదాపు రెట్టింపు వేగంగా చర్మం పరుచుకుంది.

కాబట్టి రోజూ మంచినీళ్లతో, సబ్బుతో మెల్లగా కడిగి, పలచగా పెట్రోలియం జెల్లీ రాసి, అంటుకోని గాజుగుడ్డతో కప్పండి. దురద కూడా తగ్గుతుంది. హైడ్రోజన్ పెరాక్సైడ్ మాత్రం పోయకండి, అది లేత కణాల్ని కూడా చంపేస్తుంది.

ఇక మచ్చ. పైపొర మాత్రమే పోతే సాధారణంగా మచ్చ మిగలదు, పదే పదే పీకి గాయాన్ని లోతు చేస్తేనే భయం. లోపలి పొర కూడా దెబ్బతింటే శరీరం అందమూ వరసా చూసుకోకుండా చర్మానికి బలమిచ్చే కొల్లాజెన్ అనే ప్రొటీన్‌ని గబగబా పేర్చేస్తుంది, తర్వాత ఏడాది పాటు, ఒక్కోసారి ఇంకా ఎక్కువే, దాన్ని సర్దుకుంటూ ఉంటుంది. అంత చేసినా ఆ చోట బలం మామూలు చర్మంలో 80 శాతం దాటదు. కొల్లాజెన్ తయారవ్వాలంటే విటమిన్ సి కావాలి. 18వ శతాబ్దపు ఓడల్లో విటమిన్ సి లోపంతో స్కర్వీ అనే జబ్బు వచ్చిన నావికులకు ఎప్పుడో మానిన గాయాలు కూడా తిరిగి తెరుచుకున్నాయి. అందుకే పళ్లు, ప్రొటీన్ ఉన్న తిండి మానకండి.

ఎరుపు చుట్టూ పాకుతున్నా, సలుపు రోజురోజుకీ పెరుగుతున్నా, చీము పట్టినా, జ్వరం వచ్చినా ఆగకుండా డాక్టర్‌కి చూపించండి. మీకు షుగర్ ఉంటే ఇవేవీ లేకపోయినా ఒకసారి చూపించుకోవాలి. టెటనస్ ఇంజెక్షన్ వేయించుకుని అయిదేళ్లు దాటి ఉంటే ఆ విషయం కూడా ఇవాళే అడగండి.